ఊరు ఖాళీ చేయించాలి

మార్చి 9

మా ఆవిడ ఇవాళ పొద్దున బస్సెక్కి కొండమీద ఉన్న వాళ్ళక్క ఊరికి వెళ్ళింది. కారణం నీళ్ళు. ఈ నగరంలో కుళాయి తిప్పితే బుస్సుమని గాలి వస్తోంది. ట్యాంకరు ఎప్పుడొస్తుందో ట్యాంకరు నడిపేవాడికే తెలియదు. కొండమీద బావుల్లో ఇంకా తడి ఉందట. వేసవి గడిచాక వచ్చేస్తుంది.

కుట్టుమిషను కూడా పట్టుకెళ్ళింది. పొద్దుపోవాలి కదా. స్వెటర్లన్నీ పట్టుకెళ్ళింది. కొండమీద సాయంత్రాలు చలేస్తుంది కదా.

ఇంట్లో మాట్లాడే మనిషి లేనప్పుడు డైరీ రాసుకోవడం మంచిదని పెద్దలు అంటారు. ఏ పెద్దలూ అనలేదు. ఆఫీసువాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఖాళీగా పడి ఉంది, అందుకని.

మార్చి 11

కొత్త బిల్లు నా నెత్తిన పడింది. జాతీయ కార్చిచ్చు నివారణ, కరువు నిర్వహణ బిల్లు. పోయినేడాది అడవులు తగలబడుతుంటే మంత్రిగారు టీవీలో "చట్టం తెస్తాం" అని నోరు జారారు. ఏడాదంతా ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడు మళ్ళీ ఎండలు ముదురుతున్నాయి కాబట్టి అందరికీ గుర్తొచ్చింది. న్యాయశాఖలో చట్టాల ముసాయిదాలు రాసేవాళ్ళలో నా జుట్టే ఎక్కువ నెరిసింది కాబట్టి ఫైలు నా బల్లమీదికి వచ్చింది.

దానితోపాటు కామాగారు కూడా వచ్చారు. కామాగారంటే మా పైఅధికారి. రోజూ ఒక వాక్యంలో కామా అటునుంచి ఇటు జరిపితేగాని ఆయనకు తిన్నది అరగదు.

"జాగ్రత్తగా రాయవయ్యా. ఎవరికీ నొప్పి తగలకూడదు," అన్నారు.

"మంటల గురించి కదండీ సార్."

"మంటలకి నొప్పి తగిలినా ఫరవాలేదు. శాఖలకి తగలకూడదు."

మార్చి 19

శాఖల మధ్య సమావేశం. కార్చిచ్చు ఎవరిదో తేల్చడానికి. అడవిలో అంటుకుంటే అటవీశాఖది. ఊళ్ళోకి వస్తే హోంశాఖది. అడవికీ ఊరికీ మధ్య గడ్డి మైదానం ఉంటుంది, ఆ గడ్డి రెవెన్యూశాఖది. కాబట్టి మంట అడవిలోంచి ఊళ్ళోకి వచ్చేటప్పుడు కాసేపు రెవెన్యూవాళ్ళ చేతిలో ఉంటుంది. ఆ కాసేపూ దాన్ని ఏం చెయ్యాలని అటవీశాఖ అడిగింది. రెవెన్యూ ఆయన, "మాకు ఆర్పే సిబ్బంది లేరు, కొలిచే సిబ్బందే ఉన్నారు," అన్నాడు. నవ్వు రాకుండా పెదవి కొరుక్కున్నాను, ఇంకా మండుతోంది.

కరువు అధ్యాయానికి వచ్చేసరికి అందరి ముందున్న నీళ్ళ సీసాలు అయిపోయాయి. బంట్రోతు బయటికి వెళ్ళి ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. సమావేశం వాయిదా పడింది. దాహం వల్ల వాయిదా పడిందని నివేదికలో రాయవద్దని కామాగారు చెప్పారు.

మార్చి 27

పద్నాలుగో సెక్షన్ రాశాను. మంట ఊరి మీదికి వస్తుంటే ఊరిని ఖాళీ చెయ్యమని ఎవరు చెప్పాలన్నది దాని విషయం. ఇన్నాళ్ళూ అది చెప్పే హక్కు జిల్లా పెద్దకే ఉంది. ఆయన రాజధానిని అడగాలి. రాజధాని భోజనానికి వెళ్ళి ఉంటుంది.

రాసేముందు మా తోడల్లుడికి ఫోన్ చేశాను. మా ఆవిడ అక్కగారి మొగుడు. కొండమీది ఊళ్ళో ఫైర్ ఆఫీసరు. పెద్ద గొంతు, పెద్ద పొట్ట, పెద్ద గొప్పలు. ఇరవై ఏళ్ళుగా ఆయన నన్ను కాగితాల పురుగని, నేను ఆయన్ని లౌడ్ స్పీకరని అనుకుంటూ మర్యాదగా నడుపుకొస్తున్నాం.

"తమ్ముడూ, నువ్వు రాసే చట్టాన్ని నా ఫైరింజను కింద పెట్టి తొక్కిస్తా. మంట వచ్చేది ఉరుకుతూ. మీ సంతకం వచ్చేది కుంటుతూ. నన్ను సైరన్ కొట్టనీ, అంతే," అన్నాడు.

"మీరు అనవసరంగా కొడితే?"

"జనం నన్ను తిడతారు. తిట్లు తింటే చావరుగా."

ఆయన మాట నాకు నచ్చడం అదే మొదటిసారి. ఆ చిరాకులోనే రాశాను: "మంట ఊరి వైపు వస్తోందని తోచినప్పుడు అక్కడి అగ్నిమాపక అధికారి ఊరు ఖాళీ చేయించాలి." చదివితే చిన్నపిల్లవాడికి కూడా అర్థమవుతుంది. ఉద్యోగంలో ఇంత సిగ్గులేని వాక్యం ఎప్పుడూ రాయలేదు.

ఏప్రిల్ 2

కామాగారు ఎర్ర కలం తీశారు. మూడు శాఖలూ గోల పెట్టాయట. ఒక ఊరి ఫైర్ ఆఫీసరుకి అంత అధికారమిస్తే ఇక జిల్లా పెద్ద ఎందుకు, మంత్రి ఎందుకు, మనమందరం ఎందుకు?

సాయంత్రానికి ఇలా మార్చాను: "ప్రమాదం ఆసన్నమైనదని భావించిన పక్షంలో, స్థానిక అగ్నిమాపక అధికారి, పరిస్థితులను అనుసరించి, నివాసుల తరలింపు విషయమై, సంబంధిత అధికారులకు సిఫార్సు చేయవచ్చు."

కామాగారు చదువుతూ కళ్ళు మూసుకున్నారు, పాట వింటున్నవాడిలా. ఒక్క కామా కూడా జరపలేదు. "అద్భుతమయ్యా," అన్నారు. ఇంటికొచ్చి ఈల వేసుకుంటూ గుడ్లు వేయించుకున్నాను. రెండూ మాడాయి. గిన్నె తోమడానికి నీళ్ళు లేవు.

ఏప్రిల్ 6

ఆవిడకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. కొండమీద సిగ్నల్ ఉండదు.

ఏప్రిల్ 7

తోడల్లుడు ఫోన్ చేశాడు. సిగ్నల్ బాగానే ఉంది. చట్టం ఎలా వస్తోందని అడిగాడు. బాగా వస్తోందన్నాను.

ఏప్రిల్ 18

కొండకి అవతలి వైపు అడవి అంటుకుందని టీవీలో చెప్పారు. దూరమేనట. ఆవిడ ఫోన్ ఎత్తి, "పొగ వాసన వస్తోంది. మీరు తింటున్నారా?" అంది. "తింటున్నాను," అన్నాను. తరవాత ఆవిడ, "పనుంది," అని పెట్టేసింది. చుట్టపుచూపుగా వెళ్ళిన ఇంట్లో అంత పనేముంటుందో.

ఏప్రిల్ 19

ఊరు ఖాళీ చేయించారట. ఎవరు చేయించారో టీవీవాళ్ళకి తెలియదు. నాకు తెలుసు. హోంశాఖలో తెలిసినవాణ్ణి అడిగాను: జిల్లా పెద్ద ఫోన్లో దొరకలేదని, ఆ లౌడ్ స్పీకరు ఎవరినీ అడక్కుండా సైరన్ మోగించి, కనబడ్డ బస్సునల్లా ఆపి జనాన్ని ఎక్కించేశాడు. ఆవిడ ఫోన్ మోగట్లేదు. వదినది మోగట్లేదు. ఆయనది కూడా మోగట్లేదు, ఈసారి నిజంగానే సిగ్నల్ లేదు. సెలవు చీటీ కామాగారి బల్లమీద పెట్టాను. ఆయన "పరిశీలిస్తాను" అంటుంటే మెట్లు దిగేశాను.

ఏప్రిల్ 21

రాయడానికి చాలా ఉంది.

లోయలో ఉన్న కాలేజీలో ఆ ఊరివాళ్ళందరినీ ఉంచారు. నేను చేరేసరికి మా ఆవిడ మెట్లమీద నిలబడి ఉంది. మెడలో విజిలు, చేతిలో మైకు. పిల్లల్ని వరస కట్టిస్తోంది. దారి పొడుగునా ఆవిడని ఎలా ఓదార్చాలో అనుకుంటూ వచ్చాను. నన్ను చూసి, "వచ్చారా? ఆ దుప్పట్లు పట్టుకుని లోపలికి పదండి," అంది. పట్టుకున్నాను.

దుప్పట్లు పంచుతుంటే ఎవరో పెద్దావిడ, "హెడ్‌మిస్ట్రెస్ గారూ, మావాడికి జ్వరం," అంటూ వచ్చింది. ఎవరా అని చుట్టూ చూశాను. మా ఆవిడ వెళ్ళి పిల్లవాడి నుదురు పట్టుకుని చూసింది.

తరవాత అడిగాను. "నువ్వు హెడ్‌మిస్ట్రెస్ ఎప్పుడయ్యావు?"

"మార్చిలో. మీకు చెప్పాను. కొండమీద స్కూల్లో పోస్టు వచ్చింది, వెళ్ళనా అని అడిగాను. ఫైలు చదువుతూ ఊఁ అన్నారు."

"నువ్వు నీళ్ళ కోసం వెళ్ళావనుకున్నాను."

"నీళ్ళ కోసం ఎవరైనా కుట్టుమిషను మోసుకెళ్తారటండీ?"

కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేవాణ్ణి. మామూలుగా అంది. స్కూల్లో పిల్లవాడికి లెక్క తప్పయిందని చెప్పినట్టు.

ఆమధ్య రాసుకున్న పేజీలు తిరగేశాను. వేసవి గడిచాక వచ్చేస్తుంది అని ఉంది. ఎవరు చెప్పారు నాకు? ఆవిడ చెప్పలేదు.

ఏప్రిల్ 23

గాలి మళ్ళింది. మంట ఊరి అంచుదాకా వచ్చి, గడ్డి మైదానం నాకేసి, పక్క లోయలోకి దిగింది. ఒక్క ఇల్లు కూడా కాలలేదు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. అందరం చప్పట్లు కొట్టాం.

మసి పట్టిన మొహంతో తోడల్లుడు వచ్చాడు. వదిన ఆయన్ని చూసి పక్కకి తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆయన బెంచీ మీద కూలబడి, "టీ ఉందా?" అన్నాడు. గొప్పలేమీ చెప్పలేదు. బూట్లు విప్పుతూ అలాగే నిద్రపోయాడు, ఒక బూటు చేతిలో ఉండగానే. ఆ బూటు నేనే తీసి కింద పెట్టాను.

ఏప్రిల్ 27

చప్పట్లు ఆగిపోయాయి. "రాని మంటకు పారిపోయిన ఊరు" అని పేపర్లో పెద్ద అక్షరాలు. హోటళ్ళవాళ్ళు సీజన్ నాశనమైందని ధర్నా చేశారు. బస్సెక్కుతూ ఒక ముసలాయన కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ కాలు ఫోటో మొదటి పేజీలో వేశారు. విరగని కాళ్ళ ఫోటోలు ఎవరూ వెయ్యరు.

తోడల్లుణ్ణి సస్పెండ్ చేశారు. అధికారం లేకుండా ఊరు ఖాళీ చేయించినందుకు.

మే 4

నగరానికి తిరిగొచ్చి పన్లో పడ్డాను. కామాగారు అడిగారు, "పాత చట్టం ప్రకారం అతను చేసింది తప్పే కదా?"

"తప్పే సార్."

"మన కొత్త బిల్లు ప్రకారం?"

"అప్పుడూ తప్పే సార్."

"చూశావా, మనం ఎంత పకడ్బందీగా రాశామో," అని సంతోషించారు.

మే 5

నిద్ర లేదు. ఎండ వల్ల.

మే 14

పార్లమెంటు కమిటీ ముందు బిల్లు. మాలాంటివాళ్ళం వెనక వరసలో గోడకి ఆనుకుని కూర్చుంటాం. ఫైళ్ళు అందించాలి, నోరు తెరవకూడదు. అధ్యక్షురాలు పూర్వాశ్రమంలో పశువుల డాక్టరు. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని కునుకు తీస్తోందని అందరం అనుకుంటున్నాం. పద్నాలుగో సెక్షన్ రాగానే తలెత్తింది.

"ఇది ఎవరు రాశారు?"

కామాగారు లేచారు. "సమష్టి కృషి మేడమ్."

"కలం ఒకరే పట్టుకుంటారుగా. ఎవరు పట్టుకున్నారు?"

కామాగారు నా వైపు చూడలేదు. అలా చూడకపోవడమే ఆయన ఇచ్చిన ఆర్డరు. కానీ నా మోకాళ్ళు నన్ను అడక్కుండానే లేచాయి.

"నేను మేడమ్."

"మంచిది. మంట కనబడింది. ఆఫీసరు ఏం చెయ్యాలి?"

"సిఫార్సు చేయవచ్చు."

"చెయ్యకపోతే?"

"చెయ్యకపోనూవచ్చు."

"సరే, చేశాడు. అందుకున్నవాళ్ళు ఏం చెయ్యాలి?"

"అది ఇందులో లేదు మేడమ్."

"ఎందుకు లేదు?"

"ఉండకూడదనే అలా రాశాం. దీని అర్థం ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేదని. బాగా కుదిరిందని మెచ్చుకున్నారు కూడా."

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. కామాగారి చెవులు ఎర్రబడ్డాయి. ఒక సభ్యుడు లేచి, "ఆ సస్పెండైన ఆఫీసరు మీ చుట్టమటగా?" అన్నాడు.

"తోడల్లుడు సార్. మా ఇద్దరికీ ఒక్క క్షణం పడదు."

ఈసారి అందరూ నవ్వారు. నవ్వు ఆగేదాకా ఆగాను. "ఆ రోజు మా ఆవిడ ఆ ఊళ్ళోనే ఉంది సార్. ఆ ఊరి పిల్లలతో. ఆయన జిల్లా పెద్ద కోసం ఆగి ఉంటే, గాలి మళ్ళకుండా ఉంటే, ఇవాళ మీరు అడుగుతున్నది వేరే ప్రశ్న అయ్యేది. గాలి మళ్ళుతుందని ఆయనకి తెలియదు. ఎవరికీ తెలియదు."

అధ్యక్షురాలు కళ్ళజోడు తీసింది. "జబ్బు చేసిన గేదె తోక నా చేతిలో ఉంటే, సూది వెయ్యడానికి రాజధానిని అడిగేదాన్ని కాదు. నీ దగ్గర ఇంకో వాక్యం ఉందా?"

ఉంది. చూడకుండా అప్పజెప్పాను. ఊరు ఖాళీ చేయించాలి.

మే 15

బదిలీ.

మే 16

ఎక్కడికో ఇవాళ తెలిసింది. నన్ను ఎక్కడికి పంపితే బుద్ధొస్తుందా అని కామాగారు దేశపటం ముందు పెట్టుకుని చాలాసేపు వెతికారట. చివరికి ఫైలు కూడా వెళ్ళడానికి భయపడే ఒక కొండ జిల్లా దొరికింది. అక్కడి కోర్టు ఆఫీసులో గుమాస్తా కన్నా కాస్త పెద్ద ఉద్యోగం.

మా ఆవిడ ఆ జిల్లాలోనే ఉద్యోగంలో ఉందని ఆయనకి తెలియదు. నేను ఎప్పుడూ చెప్పలేదు. నీళ్ళ కోసం వెళ్ళిందనే, వేసవి గడిచాక వచ్చేస్తుందనే చెప్పాను.

ఆర్డరు చేతికిస్తూ, "బాధగా ఉందా?" అన్నారు. చాలా బాధగా మొహం పెట్టాను.

జూన్ 30

బిల్లు నెగ్గింది. పద్నాలుగో సెక్షన్ నా వాక్యంతోనే. కరువు అధ్యాయాన్ని మాత్రం కోసి కుప్పపెట్టారు. ప్రతి కొండ ఊళ్ళోనూ మంటలు ఆర్పడానికి నీటి తొట్టి కట్టాలని రాశాను. "కట్టే విషయమై అధ్యయనం చేయాలి" అని మార్చారు. కామాగారి చెయ్యి నాకు తెలుసు.

పైగా కొత్త చట్టం పాత తప్పులకి వర్తించదు. కాబట్టి తోడల్లుడు చేసిన తప్పు తప్పుగానే ఉండిపోయింది. ఫోన్లో చెప్పాను. ఆయన మొత్తం విన్నాడు. తరవాత, "నేను పడ్డ గుంటలో ఇక ఎవడూ పడడన్నమాట," అన్నాడు. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాడు. విచారణ కమిటీ ముందు చేతులు కట్టుకుని నిలబడనన్నాడు. నేను బతిమాలాను. నేను ఆయన్ని బతిమాలే రోజు వస్తుందని ఎవరైనా చెప్పుంటే నవ్వేవాణ్ణి.

ఆగస్టు 11

కొండమీది ఊరు. స్కూలు పక్కన హెడ్‌మిస్ట్రెస్ క్వార్టరు. సామాన్లతో గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ నన్నూ, సామాన్లనూ చూసి, "వరండా గదిలో పెట్టుకోండి. మిగతాది చూద్దాం," అంది.

వరండా గది బాగుంది. గాలి వస్తుంది. వాన కూడా కురిస్తే వస్తుందట. కురవలేదు కాబట్టి ఇబ్బంది లేదు.

నవంబరు 3

వానలు ఎగ్గొట్టాయి. అధ్యయన బృందం కారులో వచ్చి, తొట్టి కట్టాల్సిన స్థలం ముందు ఫోటో దిగి వెళ్ళింది.

జనవరి 22

ఆవిడ పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతుంటే మార్కులు కూడిపెట్టాను. రెండుచోట్ల తప్పుగా కూడానట. నవ్వింది. వరండా గదికి తిరిగొచ్చి చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

ఏప్రిల్ 12

నిన్న మళ్ళీ వచ్చింది. ఈసారి గాలి మళ్ళలేదు.

మధ్యాహ్నం సైరన్ మోగింది. కొత్త ఫైర్ ఆఫీసరు ఒక అమ్మాయి. మా తోడల్లుడి దగ్గర పని నేర్చుకున్నదే. ఎవరినీ ఫోన్లో అడగలేదు. నేను కోర్టు ఆఫీసు నుంచి పరుగెత్తి వచ్చేసరికి బస్సులు వరసగా ఉన్నాయి. పిల్లలు ఎక్కేశారు. మా ఆవిడ విజిలు వేస్తోంది. హోటళ్ళవాళ్ళు సణుగుతూనే ఎక్కారు.

ఎక్కనిది ఒక్కరే. మా తోడల్లుడు ఇంటి ముందు గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. గొట్టంలో నీళ్ళు లేవు.

"సార్, బస్సెక్కండి," అంది ఆ అమ్మాయి.

"నేనా? ఈ ఊళ్ళో ఆ సైరన్ పెట్టించింది ఎవరనుకున్నావ్?"

"మీరే సార్. ఎక్కండి. సెక్షన్ పద్నాలుగు."

ఆయన నా వైపు తిరిగాడు. "ఏం తమ్ముడూ, నాలాంటివాడికి మినహాయింపు రాయలేదా అందులో?"

"లేదన్నయ్యా."

"మరి ఏం పొడిచావయ్యా అన్నేళ్ళు ఉద్యోగం చేసి!"

ఆ అమ్మాయి గొట్టం లాక్కుంది. కళ్ళలో నీళ్ళున్నాయి గాని గొంతు గట్టిగానే ఉంది. "మిమ్మల్ని ఎత్తి బస్సులో పడెయ్యడానికి నలుగురు కావాలి సార్. వాళ్ళతో నాకు అక్కడ పనుంది."

ఆయన ఆ పిల్లని అలా చూశాడు. తరవాత నన్నూ, పార్లమెంటునూ, ఆ బస్సు కంపెనీనీ కలిపి ఒక్క వాక్యంలో తిట్టి ఎక్కేశాడు. కిటికీ పక్క సీటు తనకే కావాలన్నాడు. ఇచ్చాం.

ఏప్రిల్ 15

ఊరి పై వరస ఇళ్ళు పోయాయి. ఫైరింజన్లో నీళ్ళు సగంలో అయిపోయాయట. నింపుకోవడానికి కొండ దిగి ఎక్కాల్సి వచ్చింది. అధ్యయనంలో ఉన్న తొట్టి దగ్గర ఫోటోల కోసం పాతిన బోర్డు కూడా కాలింది. మనుషులందరూ ఉన్నారు. ఈసారి కాళ్ళు కూడా విరగలేదు.

తోడల్లుడి ఇల్లు పై వరసలోదే. నాలుగు గోడలు, నల్లటి ఆకాశం. వదిన గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆయన లోపలికి వెళ్ళి, బూడిదని కాలితో అటూ ఇటూ కదిపి, బయటికొచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు. ఆవిడతో అన్నాడు, "దోమతెరలు మార్చమని ఆర్నెల్లనుంచి ప్రాణం తీస్తున్నావ్. ఇక ఆ గొడవ లేదు."

వదిన ఆయన వీపు మీద ఒక్కటి చరిచింది. తరవాత ఆ వీపు మీదే తల ఆనించి ఏడ్చింది. నేనూ మా ఆవిడా రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాం.

ఏప్రిల్ 16

తొట్టి గురించి ఆ పశువుల డాక్టరమ్మకి ఫోన్ చేశాను. గుర్తుపట్టింది. మళ్ళీ వచ్చి కమిటీ ముందు నిలబడతావా అంది. ఇంకెక్కడికి బదిలీ చేస్తారు, ఇంతకన్నా పైన ఊరు లేదన్నాను. వచ్చే నెలలో పిలుస్తానంది.

వదినా, తోడల్లుడూ ఇక మా దగ్గరే ఉంటారు. ఇంకెక్కడికి పోతారు? ఇల్లు చిన్నది. మా ఆవిడ అటూ ఇటూ చూసి వరండా గది వాళ్ళకిచ్చేసింది. సాయంత్రం చూస్తే నా పరుపు లోపలి గదిలో ఉంది. ఎవరు మార్చారని అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

ఈ డైరీ ఎవరూ చదవరు కాబట్టి రాసుకుంటున్నాను. మా తోడల్లుడి ఇల్లు కాలిపోయినందుకు నాకు చాలా బాధగా ఉంది. నిజంగా చాలా బాధగా ఉంది. పొద్దున్నుంచి ఇంట్లో ఎవరైనా ఎదురుపడితే మొహం బాధగా పెట్టలేక చస్తున్నాను.